కాస్త పైకి చూడండి: సుల్తాన్ బజార్ ఇళ్ళ గురించి నగర అధికారులకు ఒక బహిరంగ లేఖ

హైదరాబాద్ నగర పాలక అధికారులకు, వారసత్వ కట్టడాల జాబితా తయారుచేసే కమిటీ పెద్దలకు,

నమస్కారం.

నాకు సుల్తాన్ బజార్‌లో గజం జాగా లేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే పాత ఇళ్ళను కాపాడమని ఎవరు నోరు తెరిచినా 'నీ ఆస్తా, నీకేం సంబంధం' అనే మాట వస్తుంది. ఆస్తి కాదు. హనుమాన్ టేక్డీ దగ్గర ఒక గల్లీలో, ఒక గుజరాతీ సేఠ్ గారి ఇంట్లో, పై వాటాలో మేము ఇరవై రెండేళ్ళు కిరాయికి ఉన్నాం. నాన్న ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాసేవారు. నేను పుట్టింది ఆ ఇంట్లో, పెళ్ళై అత్తారింటికి బయల్దేరింది కూడా ఆ ఇంటి మెట్లు దిగే.

గల్లీ వైపు కింద మూడు మల్గీలు, అంటే దుకాణం గదులు. వాటి మధ్యలోంచి ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు దారి, పగలు కూడా చీకటే, దాని చివర ఒక్కసారిగా వెలుగు. అదే లోపలి చౌక్. నడుమ ఆకాశం, చుట్టూ నాలుగు వాటాలు. మేము తెలుగువాళ్ళం, మా ఎదురుగా మరాఠీ వాళ్ళు, పక్క వాటాలో గుల్బర్గా నుంచి వచ్చిన ఒక కన్నడం మాస్టారు, వెనక సేఠ్ గారి కుటుంబం. వాన పడితే నాలుగు చూర్ల నీళ్ళూ చౌక్‌లోకే దిగేవి, పిల్లలమంతా అక్కడే. గోడలు రెండడుగుల మందం ఉండేవి. అంత మందం వల్ల ప్రతి కిటికీ దగ్గరా మనిషి కూర్చునే గూడు ఏర్పడేది, నా పదో తరగతి చదువంతా అలాంటి ఒక గూట్లోనే సాగింది. మే నెల మధ్యాహ్నం కూడా ఆ గోడకు వీపు ఆనిస్తే చల్లగా ఉండేది. ఫ్యాన్ ఒకటే, అది కూడా అమ్మమ్మ వస్తేనే వేసేవాళ్ళం.

సేఠ్ గారు పోయాక పిల్లలు పంచుకున్నారు. కొన్నేళ్ళ క్రితం కూల్చేశారు. నాలుగు రోజుల పని అయ్యిందట, నాకు తెలిసి వెళ్ళేసరికి ఐదో రోజు. టేకు తలుపులు, దూలాలు అప్పటికే పాత సామాన్ల వాళ్ళు లారీలో తీసుకుపోయారు. ఇప్పుడు అక్కడ అద్దాల ముఖంతో నాలుగంతస్తుల హోల్‌సేల్ దుకాణం ఉంది. వాళ్ళను తప్పు పట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ అన్నదమ్ములు ఏళ్ళ తరబడి ఆ ఇంటికి పన్ను కట్టారు, కప్పు కారితే బాగు చేయించారు, కిరాయిలు పెంచలేకపోయారు, చివరికి అలిసిపోయారు. వాళ్ళు అంతగా అలిసిపోయేదాకా వాళ్ళ వైపు ఎవరూ చూడలేదన్నదే నా బాధ. ఇప్పుడు నేను మీకు రాస్తున్నది మిగిలిన ఇళ్ళ గురించి.

మీకు తెలియనిది కాదు, అయినా ఒకసారి గుర్తు చేస్తాను. కోఠి అంటేనే పెద్ద ఇల్లు. ఒక ఇంటి పేరు మొత్తం పేటకు పేరైపోయింది. 1803లో బ్రిటిష్ రెసిడెంట్, అంటే నిజాం దర్బారులో బ్రిటిష్ వాళ్ళ ప్రతినిధి, జేమ్స్ కిర్క్‌ప్యాట్రిక్ మొదలుపెట్టించిన రెసిడెన్సీ భవనం అది, 1949 నుంచి మహిళా కళాశాలగా మనకు తెలిసినదే, ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం. పరదాలో ఉండే ఆయన భార్య ఖైరున్నిసా ముందు వైపు వచ్చి ఆ భవనాన్ని చూడలేదని, ఆవిడ కోసం దానికి ఒక చిన్న నమూనా కట్టించాడని చెప్తారు. కిర్క్‌ప్యాట్రిక్ బిరుదు హష్మత్ జంగ్, పక్కనున్న హష్మత్ గంజ్‌కు ఆ పేరే. ఆ భవనం గోడ అవతల పెరిగిన బజార్లను రెసిడెన్సీ బజార్లు అనేవారు. అక్కడ నిజాం పోలీసుకు అధికారం లేదు, రెసిడెంట్ మాటే చెల్లేది. అందుకే వడ్డీ వ్యాపారులు, సాహుకార్లు, పట్టు వ్యాపారులు, మార్వాడీలు, గుజరాతీలు, మరాఠీ వకీళ్ళు, మద్రాసు వైపు నుంచి వచ్చిన ఉద్యోగులు ఇక్కడ చేరారు. 1933లో ఈ బజార్లు తిరిగి నిజాం చేతికి వచ్చాక సుల్తాన్ బజార్ అయ్యింది. ఎవరి ఊరి నుంచి వాళ్ళు తమ ఇల్లు ఎలా ఉండాలో ఒక ఊహ తెచ్చుకున్నారు, ఇక్కడి మేస్త్రీలేమో ఇక్కడి రాయి, ఇక్కడి సున్నంతో దాన్ని కట్టారు. ఒకే గల్లీలో పది రకాల ఇళ్ళు ఉండటానికి కారణం అదే. ఒక నవాబు గీయించిన ప్లాను ప్రకారం కట్టిన పేట అయ్యుంటే ఇలా ఉండేది కాదు.

ఈ ఇళ్ళలో చరిత్ర జరిగింది కూడా. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ రెసిడెన్సీ మీదికి వచ్చినప్పుడు వాళ్ళు కాల్పులు జరిపింది పుత్లీబౌలిలో అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ అనే ఇద్దరి మేడల మీది నుంచి. కోట బురుజులేమీ కావు, కాపురాలుండే ఇళ్ళు. 1901 సెప్టెంబర్ 1న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో. 1921 నవంబర్‌లో వివేకవర్ధని హాల్లో జరిగిన సభలో తెలుగులో మాట్లాడబోయిన వకీలు ఆలంపల్లి వెంకటరామారావు గారిని గేలి చేసి మాట్లాడనివ్వకపోతే, మనసు చివుక్కుమన్న తెలుగువాళ్ళు కూర్చుని ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నది కూడా ఒక ఇంట్లోనే, టేకుమాల రంగారావు గారి ఇంట్లో. తెలంగాణలో తెలుగు కోసం జరిగిన మొదటి ప్రయత్నాలు ఎవరో ఒకరి ముందు గదిలో, చాపల మీద మొదలయ్యాయి. మన జాబితాల్లోకేమో మహళ్ళు, కమాన్లు, బురుజులు ఎక్కుతాయి.

జాబితా మాట వచ్చింది కాబట్టి చెప్తాను. హుడా, అంటే అప్పటి హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ, జోనింగ్ నిబంధనల్లోని 13వ నిబంధన కింద 1995 నుంచి నగరంలో వందకు పైగా కట్టడాలకు రక్షణ ఉండేది. కొన్ని రాళ్ళ గుట్టలకు కూడా అందులో చోటిచ్చారు, చాలా మంచి పని చేశారు. 2015 డిసెంబర్‌లో ఆ నిబంధన తీసేశారు. తర్వాత 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్ అనే పాత నవాబుల ప్యాలెస్ విషయం కోర్టుకెక్కితే, దాన్ని కూల్చాలన్న నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. ఆ రోజు నాకెంత సంతోషమైందో చెప్పలేను. కానీ ఎర్రమంజిల్ కోసం కోర్టుకు వెళ్ళడానికి మనుషులున్నారు, పేపర్లో ఫోటో వేయడానికి ఒక ముఖం ఉంది. కందస్వామి లేన్‌లో నలభై అడుగుల వెడల్పు కూడా లేని ఒక ఇంటి కోసం ఎవరు వెళ్తారు? అది ఒక్కటే చూస్తే నిజంగానే గొప్పగా అనిపించదు. పక్కింటితో, ఎదురింటితో, మలుపులో ఉన్న ఇంటితో కలిపి చూస్తేనే దాని విలువ తెలుస్తుంది.

ఆ ఇళ్ళ గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే ఫైల్లో 'పాత శిథిల భవనం' అని ఒకే మాట రాస్తే అన్నీ ఒకటే అయిపోతాయి. బడీ చౌడీలో నడుస్తూ ఫ్లెక్సీల పైనుంచి చూడండి. కొన్ని మేడలకు కర్ర బాల్కనీలు ఉంటాయి, గోడలోంచి పొడుచుకొచ్చిన చెక్కడపు దిమ్మెల మీద నిలబడినవి, ఆ దిమ్మెలకు చిలకలు, పూలు, కొన్నిటికి ఏనుగు తొండాలు. వ్యాపారం చేసే ఇంట్లో ఆడవాళ్ళు గల్లీని చూడాలి, గల్లీకి వాళ్ళు కనిపించకూడదు, అందుకని చెక్క జాలీలు. దాని పక్కనే మూడు కమాన్ల దలాన్, అంటే వరండా, ఉన్న ఇల్లు, గచ్చుతో తీర్చిన తీగలు, ద్రాక్ష గుత్తులు. ఇంకాస్త లోపలికి వెళ్తే తెలుగువాళ్ళ ఇల్లు ఒకటి, వాకిలి పక్కన రెండు అరుగులు, లోపల భవంతి, చుట్టూ అర్రలు, వెనక గిలక బావి. దానికి ఎదురుగా గర్డర్ల మీద ఇటుక కమాన్లు పరిచిన కప్పుతో ఇంకో ఇల్లు. పైకి చూస్తే కప్పంతా అలలు అలలుగా ఉంటుంది, చిన్నప్పుడు మేము దాన్ని సముద్రం అనేవాళ్ళం.

ఆ తర్వాతి కాలం ఇళ్ళు ఇంకో అందం. 1930ల నుంచి సిమెంటు కాంక్రీటు చేతికొచ్చాక ఈ పేటలో మూలలు గుండ్రంగా మారాయి. వంపు తిరిగిన బాల్కనీలు, కిటికీ మీద కనుబొమ్మలా సాగిన సన్‌షేడ్లు, ఓడ కిటికీల్లాంటి గుండ్రటి కన్నాలు, ఉదయించే సూర్యుడి ఆకారంలో ఇనుప గ్రిల్లులు, పిట్టగోడ మీద సిమెంటులోనే దిద్దిన ఇంటి పేరు, కట్టిన సంవత్సరం. ఆర్ట్ డెకో అంటారు దాన్ని. ముంబైలో మెరైన్ డ్రైవ్ వైపున్న అలాంటి ఇళ్ళు, పక్కనున్న గోథిక్ భవనాలు కలిపి 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. అవి కూడా మనుషులు కాపురముంటున్న ఫ్లాట్లే, ఒక్కొక్కటి కాదు, మొత్తం వరుసకు వచ్చిన గుర్తింపు అది. మన దగ్గర అదే రకం ఇంటి గుండ్రటి మూలకు మొబైల్ షాపు బోర్డు మేకులు కొట్టి ఉంది.

మెట్రో సంగతి కూడా చెప్పాలి. అలైన్‌మెంట్ మీద ఇక్కడి వ్యాపారులు ఎన్నేళ్ళు పోరాడారో మీకు తెలుసు, చివరికి బజార్ మీదుగానే వేశారు, 2020 ఫిబ్రవరిలో రైలు మొదలైంది. పోయిన వాటి గురించి ఇప్పుడు తవ్వుకుని లాభం లేదు. కానీ నారాయణగూడ నుంచి సుల్తాన్ బజార్ స్టేషన్‌కు వచ్చే ఆ కొద్ది నిమిషాలు కిటికీ పక్కన నిలబడి చూడండి. కింద నడిచేవాళ్ళకు కనిపించని పై అంతస్తులు, పిట్టగోడలు, ఎండబెట్టిన బట్టల వెనక గచ్చు పూలు అన్నీ కళ్ళ ఎదురుగా వస్తాయి. నేను ఎప్పుడు వెళ్ళినా లెక్కపెడతాను. పోయినసారి ఉన్నది ఈసారి లేదని తెలిసినప్పుడు కడుపులో తిప్పినట్టవుతుంది.

ఈ ఇళ్ళు ముసలివై పడిపోతున్నాయని అనుకుంటాం. చాలా వరకు మనమే పడగొడుతున్నాం, అది కూడా రిపేరు పేరుతో. ఈ గోడలు రాయి, ఇటుక, డంగు సున్నంతో కట్టినవి. సున్నం, ఇసుక గుండ్రటి గాడిలో పోసి రాతి చక్రంతో రోజుల తరబడి నూరితే వచ్చే సున్నం అది, అందులో బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం కలిపేవారు. ఆ గోడ నేలలోని తడిని కొంచెం పీల్చుకుంటుంది, ఎండకు మళ్ళీ వదిలేస్తుంది. మనమేం చేస్తాం? చెమ్మ కనిపించగానే సిమెంటు ప్లాస్టరింగ్ చేయిస్తాం, దాని మీద ఆయిల్ పెయింట్. తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది, లోపల సున్నం పొడిపొడిగా రాలుతుంది, రెండు వానాకాలాలు గడిచేసరికి ప్లాస్టర్ ఉబ్బి పెళ్ళలుగా ఊడుతుంది. అప్పుడు వచ్చిన ఇంజనీర్ 'ఇది పోయింది, కూల్చేయండి' అంటారు. వంద ఏళ్ళు నిలబడ్డ గోడను నాలుగు బస్తాల సిమెంటు పాడుచేసిందన్న మాట ఎవరికీ తట్టదు.

ఇప్పుడు నేను అడగదలచుకున్నది చెప్తాను. అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటే: ఇల్లు ఇల్లుగా కాకుండా గల్లీ గల్లీగా గుర్తించండి. బడీ చౌడీ, హనుమాన్ టేక్డీ, కందస్వామి లేన్, గుజరాతీ గల్లీ, కుత్బిగూడ, ఇసామియా బజార్, హష్మత్ గంజ్, వీటిని కలిపి ఒక వారసత్వ ప్రాంతంగా ప్రకటించండి. అలా చేస్తే అందులో ప్రతి ఇల్లూ బొమ్మలా ఉండిపోవాలని కాదు. లోపల బాత్రూమ్ పెట్టుకోవచ్చు, లిఫ్ట్ అవసరమైతే వెనక వైపు పెట్టుకోవచ్చు, శిథిలమైన వెనక భాగాన్ని కొత్తగా కట్టుకోవచ్చు. గల్లీ వైపు ముఖం, ఎత్తు, చౌక్, ఈ మూడూ ఉంచితే చాలు.

కానీ ప్రకటించి, బోర్డు పెట్టి, యజమానిని అతని ఖర్మకు వదిలేస్తే మాత్రం ఈ ఉత్తరం రాసినందుకు నన్ను ఆ పేటవాళ్ళే తిడతారు, తిట్టడం న్యాయం కూడా. జాబితాలో పేరు ఎక్కుతుందేమోనన్న భయంతో రాత్రికి రాత్రి బాల్కనీ పీకేసే పరిస్థితి రాకూడదు. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్ళకు టి.డి.ఆర్., అంటే వేరే చోట కట్టుకోవడానికి వాడుకోగల, అమ్ముకోగల హక్కు, ఇస్తున్నారు కదా, అదే హక్కు ఇల్లు నిలబెట్టుకున్నవాళ్ళకు ఎందుకివ్వకూడదు? పైన ఇంకో మూడంతస్తులు వేసుకునే అవకాశాన్ని వదులుకుంటున్నారు వాళ్ళు, ఆ మూడంతస్తుల హక్కును వేరే చోట కట్టుకునేవాళ్ళకు అమ్ముకోనివ్వండి. అహ్మదాబాద్‌లో పోళ్ళు అనే పాత గల్లీల ఇళ్ళకు ఇలాంటి ఏర్పాటు ఉంది, 2017లో ఆ నగరానికి ప్రపంచ వారసత్వ నగరం గుర్తింపు రావడం వెనక ఆ చెక్క ఇళ్ళే ఉన్నాయి. ఇంటి పన్నులో తగ్గింపు ఇవ్వండి. కప్పు బాగు చేసుకోవడానికి పెట్టుకున్న అర్జీకి పదిహేను రోజుల్లో జవాబు ఇవ్వండి, ఎందుకంటే వానాకాలం ఫైలు కోసం ఆగదు.

ఇంకొకటి, ఈ పేటలో ఇళ్ళకు ఉమ్మడి గోడలుంటాయి. ఒక ఇంటిని బ్రేకర్‌తో కూల్చితే పక్కింటి కమాను బీటలు వారుతుంది, ఆ బీటలు చూపించి రెండేళ్ళకు దాన్నీ కూలుస్తారు. ఒక ఇల్లు పోయిందంటే నిజానికి రెండు పోయినట్టే. కాబట్టి ఉమ్మడి గోడ ఉన్నచోట చేత్తోనే విప్పాలని, పక్కింటి గోడకు ముందే ఆసరా పెట్టాలని, దానికి కూల్చేవాళ్ళే బాధ్యత వహించాలని నిబంధన పెట్టండి. అలాగే ప్రతి వానాకాలం ముందు శిథిల భవనాల లెక్క తీసేటప్పుడు, సున్నపు కట్టడాలు తెలిసిన ఇంజనీర్‌ను ఒకరిని వెంట తీసుకెళ్ళండి. నిజంగా ప్రమాదం ఉంటే దించేయాల్సిందే, మనుషుల ప్రాణం కంటే ఏ బాల్కనీ ఎక్కువ కాదు. దించే ముందు కొలతలు, ఫోటోలు, నక్షా తీయించండి. మాసబ్ ట్యాంక్‌లో ఆర్కిటెక్చర్ యూనివర్సిటీ ఉంది, పిల్లలు టేపులు పట్టుకుని ఒక సెమిస్టర్ తిరిగితే ఈ గల్లీలన్నీ కాగితం మీదికి వచ్చేస్తాయి. మా ఇంటికి అలాంటి కాగితం ఒక్కటి కూడా లేదు. మా చెల్లీ నేనూ కూర్చుని గుర్తు తెచ్చుకుని గీస్తే మెట్లు ఎటు తిరిగేవన్న దగ్గరే వాదన వచ్చింది.

రూపాయి ఖర్చు లేని పని ఒకటుంది, రేపే మొదలుపెట్టవచ్చు. దుకాణాల బోర్డులు మల్గీ ఎత్తు దాటకూడదని చెప్పండి. పై అంతస్తు మీద ఫ్లెక్సీలు, అల్యూమినియం పలకలు తీయించండి. బాల్కనీ దిమ్మెలకు వేలాడదీసిన కేబుళ్ళను పక్కకు జరిపించండి. వ్యాపారం ఏమీ తగ్గదు, చీర కొనడానికి వచ్చే ఆవిడ దుకాణం పేరు కళ్ళ ఎత్తులోనే చదువుకుంటుంది.

ఇక్కడ ఆగి ఈ పేటలోని యజమానులతో, కిరాయిదార్లతో కూడా రెండు మాటలు చెప్పాలి. సేఠ్ గారూ, అన్నా, వదినా, మీ కష్టం నాకు తెలుసు. పగిడీ, అంటే ముందుగా ఒక్కసారి పెద్ద మొత్తం, ఇచ్చి తరాల క్రితం మల్గీ తీసుకున్నవాళ్ళు ఇప్పటికీ చాయ్ ఖర్చులకు కూడా చాలని కిరాయి కడుతుంటే కప్పు ఎవరు వేయిస్తారు? యజమాని రిపేరు చేయడు, ఎందుకంటే ఇల్లు పడిపోతే కిరాయిదారు ఖాళీ చేస్తాడు. కిరాయిదారు చేయించడు, ఎందుకంటే ఇల్లు తనది కాదు. మధ్యలో ఇల్లు కారుతుంది. నేను కిరాయిదారు బిడ్డనే కాబట్టి నిర్భయంగా అంటున్నాను, కిరాయిలు పెరగాలి. కూర్చుని మాట్లాడుకోండి, పెరిగిన కిరాయిలో ఇంత భాగం కప్పుకు అని రాసుకోండి. మీ పిల్లలు అమెరికాలో ఉంటే వాళ్ళతో కూడా వీడియో కాల్‌లో ఇల్లంతా తిప్పి చూపించి మాట్లాడండి, వాటా డబ్బు గురించి మాత్రమే మాట్లాడితే వాళ్ళకు అది ఒక అంకెగానే తెలుస్తుంది. గోడకు చెమ్మ వస్తే సిమెంటు పూయకండి. డంగు సున్నం తెలిసిన మేస్త్రీలు తక్కువే కానీ ఉన్నారు, పాతబస్తీలో మసీదులు, దేవ్‌డీల (నవాబుల పాత భవనాల) మరమ్మతు చేసినవాళ్ళను అడిగి పట్టుకోవచ్చు.

మళ్ళీ మీ దగ్గరికి వస్తాను. 'ఇలాంటి పేటలు నగరంలో ఎన్నో ఉన్నాయి, ఎక్కడ మొదలుపెట్టమంటావమ్మా' అని మీరు అనవచ్చు. ఇక్కడే మొదలుపెట్టండి. రెసిడెన్సీ భవనం మీద ఇన్నేళ్ళ శ్రమ, డబ్బు పెట్టి దాన్ని మళ్ళీ నిలబెట్టారు. దాని గేటు దాటి నాలుగడుగులు వేస్తే దాని వల్లనే పుట్టిన పేట ఉంది. దొర ఇల్లు దక్కింది. ఆ దొర బజారులో అప్పులిచ్చినవాళ్ళ, బట్టలమ్మినవాళ్ళ, పుస్తకాలు చదువుకున్నవాళ్ళ ఇళ్ళు కూడా దక్కాలి.

ఒక ఆదివారం పొద్దున ఏడింటికి రండి. అప్పటికి షట్టర్లు తెరవరు, తోపుడు బండ్లు రావు, హారన్లు ఉండవు, పాలవాళ్ళూ పావురాలూ మాత్రం ఉంటాయి. ఫైళ్ళు వద్దు, మెడ ఎత్తి నడిచే ఓపిక ఉంటే చాలు. ఏ గల్లీలో ఏ మేడ ఉందో, ఏ తలుపు తడితే లోపలికి రానిస్తారో నేను చూపిస్తాను. తేదీ మీరు చెప్పండి. హష్మత్ గంజ్ కమాను కింద నిలబడి ఉంటాను.

ఇట్లు,
హనుమాన్ టేక్డీలో పెరిగిన ఒక కిరాయిదారు కూతురు